బండి ఎంత ఇస్తుంది?

విజయవాడ నుండి మా బావగారు ఫోను చేసినప్పుడల్లా కుశలప్రశ్నల వరుస మారదు. మొదట పిల్లల చదువులు, తరువాత వాతావరణం, మూడవది "బండి ఎంత ఇస్తోందోయ్?" ఆవు పాలిచ్చినట్లు, మామిడిచెట్టు కాయలిచ్చినట్లు మన భాషలో బండి కిలోమీటర్లు ఇస్తుంది. ఎంత ఇచ్చేదీ దాని పుట్టుకలోనే నిర్ణయమై ఉంటుందనీ, పెట్రోలు పోయడం తప్ప అందులో మన ప్రమేయమేమీ లేదనీ ఆ క్రియాపదం సూచిస్తుంది. బోటనీ డౌన్స్‌లో ఒక శీతాకాలం గడిచేవరకు నేనూ అలాగే అనుకున్నాను.

ఈ పేట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఆక్లండ్ మహానగరానికి తూర్పున, హోవిక్‌కూ ఫ్లాట్ బుష్‌కూ నడుమ ఉంటుంది. ఇక్కడికి రైలు లేదు. పాన్మ్యూర్ రైలు స్టేషను నుండి పాకురంగా వరకు బస్సులకు ప్రత్యేక మార్గం 2021 చివర ప్రారంభమైంది; దానిని బోటనీ వరకు పొడిగించే పని ఆ తరువాతది. అందువల్ల ఇంటింటా రెండు కార్లు, ఎదిగిన పిల్లలున్న ఇంట మూడు. వాటిలో చాలా భాగం జపాన్‌లో కొన్నేళ్లు తిరిగి, ఓడెక్కి వచ్చినవే. మేము 2022 మే నెలలో కొన్న టయోటా ఆక్వా కూడా అటువంటిదే. 2014లో తయారైంది. తాళం తిప్పగానే జపాను భాషలో ఒక స్త్రీ కంఠం ఏదో విన్నవించుకునేది. టోలు కార్డు పెట్టలేదని చెబుతోందని తరువాత తెలిసింది. మా చిన్నమ్మాయి ఆ వాక్యాన్ని కంఠస్థం చేసి ఇంటికి వచ్చినవారికి అప్పజెప్పేది.

ఆ ఏడాది మార్చిలో ఇక్కడ లీటరు పెట్రోలు మూడు డాలర్లు దాటింది. ప్రభుత్వం ఇంధన సుంకాన్ని లీటరుకు 25 సెంట్లు తగ్గించవలసి వచ్చింది. ఏప్రిల్ నుండి తక్కువ కాలుష్యపు వాహనాలకిచ్చే రాయితీని హైబ్రిడ్ కార్లకు కూడా వర్తింపజేశారు (2023 డిసెంబరు 31తో ఆ పథకం ముగిసిపోయింది). ఇంటి అప్పు మీద వడ్డీ పెరుగుతున్న రోజులు. నెలకు రెండు వందల డాలర్లయినా మిగులుతాయన్న ఆశతోనే దాచుకున్న సొమ్ము తీసి ఈ బండిలో పెట్టాము. మా నాన్నగారికి హైబ్రిడ్ అంటే పత్తి విత్తనం. "హైబ్రిడ్ అయితే దిగుబడి ఉంటుంది గాని, ఎరువు సరిగా పడాలి" అన్నారు. అప్పుడు నవ్వాను గాని, జరిగింది సరిగ్గా అదే.

అమ్మినవారు చూపిన జపాను పత్రం మీద లీటరుకు 37 కిలోమీటర్లని ఉంది. అనగా నూరు కిలోమీటర్లకు 2.7 లీటర్లు. మొదటి నెలాఖరున ట్యాంకు నింపి లెక్క చూసుకున్నాను. తిరిగింది 212 కిలోమీటర్లు, పట్టింది 13 లీటర్లు. నూరు కిలోమీటర్లకు 6.1, లీటరుకు పదహారు చిల్లర. ముప్పై ఏడు చెప్పి పదహారు ఇచ్చే బండిని గురించి ఏమనుకోవాలి? బావగారికి సందేహమే లేదు: "నిన్ను నిలువునా ముంచారోయ్!" బ్యాటరీ చచ్చిపోయిందేమోనన్న భయం నాది. దానిని మార్చాలంటే వేల డాలర్ల మాట. హైబ్రిడ్ వాహనాలు బాగుచేసే ఒకతని దగ్గరకు తీసుకువెళ్లాను. బ్యాటరీలో గదులన్నీ సమానంగానే పనిచేస్తున్నాయని కంప్యూటరు పెట్టి చూపించాడు. వెనుక సీటు పక్కనున్న గాలి రంధ్రంలో పేరుకున్న దుమ్ము తీశాడు. ఈ కారులో బ్యాటరీ వెనుక సీటు కింద ఉంటుంది; ఆ రంధ్రం గుండా గాలి పీల్చుకుని చల్లబడుతుంది. పిల్లల సంచులు, కోట్లు దానికి అడ్డం పెట్టవద్దని హెచ్చరించాడు. జబ్బు మాత్రం అతనికి కనబడలేదు.

ఇంతకూ ఆ 37 ఎక్కడిది? అబద్ధం కాదు. ప్రయోగశాలలో రోలర్ల మీద కారును నిలిపి, నిర్దేశించిన వేగాలలో నడిపి కొలిచిన అంకె అది. జేసీ-08 అని పిలిచే ఆ జపాను పరీక్షలో ప్రయాణం మొత్తం 8.17 కిలోమీటర్లు, ఇరవై నిమిషాలు. సగటు వేగం గంటకు 24.4 కిలోమీటర్లు, అత్యధికం 81.6. టోక్యో వీధులకు అది సబబే కావచ్చు. మన మోటారుమార్గం మీద సర్వసాధారణమైన నూరు కిలోమీటర్ల వేగాన్ని ఆ పరీక్ష ఒక్క క్షణమైనా ముట్టుకోదు. ఎయిర్ కండిషనరు నడవదు. ఫలితాన్ని గుణించేటప్పుడు చల్లని ఇంజనుతో బయలుదేరిన పరుగుకు పావు వంతు, వేడెక్కిన ఇంజను పరుగుకు ముప్పావు వంతు విలువనిస్తారు. ఈ చివరి వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. నా కథకు కీలకం అందులోనే ఉంది.

పరీక్ష మారితే అంకె మారుతుంది. 2011 డిసెంబరులో ఆక్వాను విడుదల చేసినప్పుడు అంతకు ముందున్న పాత పరీక్ష ప్రకారం దానికి 40, జేసీ-08 ప్రకారం 35.4. దాదాపు ఇదే కారును అమెరికాలో ప్రియస్ సి అన్న పేరుతో అమ్మారు. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ దానికి కట్టిన విలువ గ్యాలనుకు 50 మైళ్లు, అంటే మన లెక్కలో లీటరుకు 21, నూరు కిలోమీటర్లకు 4.7 లీటర్లు. మహాసముద్రం దాటేసరికి ఒకే యంత్రానికి ముప్పై ఏడు కాస్తా ఇరవై ఒకటి అయింది. అమెరికా వారికీ ఈ జ్ఞానం మొదటినుండీ లేదు. 2004 నాటి ప్రియస్‌కు మొదట గ్యాలనుకు 55 మైళ్లని ముద్రించి, ఎక్కువ వేగం, ఎయిర్ కండిషనరు, చలి అనే మూడింటినీ పరీక్షలో చేర్చిన తరువాత, 2008 నుండి, అదే కారుకు 46 అని సవరించారు. ఐరోపాలో ప్రయోగశాల అంకెకూ రోడ్డు మీది వాస్తవానికీ మధ్య తేడా 2001లో సుమారు 9 శాతం, 2015 నాటికి 42 శాతం అని శుద్ధ రవాణాపై పరిశోధించే ఒక అంతర్జాతీయ మండలి లెక్కగట్టింది. కార్లు అధ్వాన్నమైపోలేదు, పరీక్షలో నెగ్గే కళను తయారీదారులు బాగా నేర్చుకున్నారు. మన విద్యార్థుల ఎంసెట్ తర్ఫీదు తెలిసినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు.

ఐతే 37కూ 21కూ తేడా పరీక్షలది అనుకున్నా, 21కూ నా 16కూ మధ్య తేడా ఎవరిది? అది తెలియాలంటే ఈ సంకర వాహనం పని చేసే తీరు కొంత తెలియాలి.

ఒకే బండిలో పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ ఉండాలన్న ఆలోచన పాతదే; ఫెర్డినాండ్ పోర్షే 1900లోనే అటువంటి బండిని తయారు చేశాడు. దానిని లక్షలాది కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చింది మాత్రం 1997 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన ప్రియస్. ఇందులో మెలకువ మూడు చోట్ల ఉంది. ఇంజను అట్కిన్సన్ పద్ధతిలో నడుస్తుంది: లోపల మండిన వాయువు మామూలు ఇంజనులో కంటె ఎక్కువ దూరం వ్యాకోచించి, తన వేడిలో మరికొంత భాగాన్ని పనిగా మార్చి పోతుంది. అటువంటి ఇంజనుకు పొదుపు ఎక్కువ, దమ్ము తక్కువ. ఆ లోటును మోటారు పూడుస్తుంది. రెండవది, అవసరం లేనప్పుడు ఇంజను పూర్తిగా ఆగిపోతుంది. మూడవది, బ్రేకు నొక్కినప్పుడు మోటారే జనరేటరుగా మారి, పరుగులోని శక్తిని విద్యుత్తుగా బ్యాటరీలోకి పంపుతుంది.

ఈ మూడవ దానిని లెక్కలో చూద్దాము. మనుషులతో సహా 1200 కిలోల బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలోని గతిశక్తి సుమారు లక్షా పదహారు వేల జౌళ్లు. మామూలు కారు ఎర్రదీపం దగ్గర ఆగితే ఆ శక్తి యావత్తూ బ్రేకు పళ్లాలను వేడి చేసి గాలిలో కలిసిపోతుంది. దానిని మళ్లీ సంపాదించాలంటే, ఇంజను పెట్రోలులోని శక్తిలో నాలుగో వంతును చక్రాలకు అందిస్తుందనుకున్నా, సుమారు పద్నాలుగు మిల్లీలీటర్ల పెట్రోలు, అంటే మూడు చెంచాలు, కావాలి. ఇరవై సార్లు ఆగితే పావు లీటరు పైమాటే. హైబ్రిడ్ కారు ఇందులో సుమారు సగం వెనక్కి రాబట్టుకోగలదు. ఆగి ఆగి నడిచే రద్దీలోనే దాని ప్రతాపమంతా. పైన చెప్పిన ప్రియస్ సికి అమెరికా వారు ఊరిలో గ్యాలనుకు 53 మైళ్లు, రహదారి మీద 46 అని ప్రకటించారు. మామూలు కార్లకు ఇది తలకిందుల వ్యవహారం.

మరి నాకెందుకు ఇవ్వలేదు? ఈ చిక్కు విప్పింది నేను కాదు, నా శ్రీమతి. ఆమె నగరంలోని ఒక ఆసుపత్రిలో నర్సు. "జ్వరం ఏ వేళకు వస్తోందో రాసుకోకుండా మందు మారుస్తారా ఎవరైనా? నెలకోసారి కాదండీ, ఏ ప్రయాణానికి ఆ ప్రయాణం రాయండి" అన్నది. గ్లవ్ బాక్సులో ఒక నోటుపుస్తకం పెట్టి, దూరం, వేళ, అద్దం కింద తెర చూపే అంకె, బయటి ఉష్ణోగ్రత రాయడం మొదలుపెట్టాము. పది రోజులకే రోగం బయటపడింది.

కొత్త బండి గదా అని మేము దానిని ఎండ కన్నెరుగకుండా చూసుకున్నాము. పిల్లలను బడిలో దింపడం, అంగడికి వెళ్లడం, అంతే. బడి మా ఇంటికి 1.8 కిలోమీటర్లు. వారానికి అన్నీ కలిపి 50 కిలోమీటర్లు. ఉదయం 22, సాయంత్రం 22 కిలోమీటర్లు ఆసుపత్రికి తిరిగే ఆమెకు మాత్రం పాత కారు. జూలై నెలలో ఇక్కడ తెల్లవారుజామున ఏడెనిమిది డిగ్రీల చలి. అటువంటి వేళ హైబ్రిడ్ కారును కదిలిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజను మొదలవుతుంది. ఎందుకంటే పొగగొట్టంలోని ఉత్ప్రేరకం వందల డిగ్రీలకు వేడెక్కితే గాని విషవాయువులను శుద్ధి చేయలేదు; చల్లని నూనె చిక్కగా ఉండి లోపలి ఘర్షణ పెరుగుతుంది; పైగా లోపల కూర్చున్నవారు హీటరు పెడతారు, ఆ వేడి కూడా ఇంజను నుండే రావాలి. ఇంజను వేడెక్కి, ఇక ఆగి మోటారుకు అవకాశమిద్దామనుకునే సమయానికి బడి గేటు వస్తుంది. సాయంకాలానికి మళ్లీ చల్లబడుతుంది.

అట్లు పోసేవారికి ఈ సంగతి సులభంగా తెలుస్తుంది. పెనం కాగడానికి పట్టే గ్యాసు మొదటి అట్టుకు ముందే ఖర్చవుతుంది. వరుసగా ఇరవై అట్లు పోస్తే ఆ ఖర్చు ఇరవైకీ పంచుకుంటుంది. గంటకొక అట్టు పోసి పొయ్యి ఆర్పేసే ఇంట్లో సిలిండరు పది రోజులకే అయిపోయిందని గ్యాసు కంపెనీని తిట్టి లాభం లేదు. మేము చేసింది గంటకొక అట్టు వ్యవహారమే. జపాను వారి పరీక్షలో చల్లని పెనానికి పావు వంతు విలువ. మా ఇంట్లో నూటికి నూరు.

ఆగస్టులో కార్లు మార్చుకున్నాము. శ్రీమతికి ఆక్వా, బడికీ అంగడికీ పాత కారు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మౌంట్ వెల్లింగ్టన్, పాన్మ్యూర్, పాకురంగా మీదుగా టీ రాకౌ డ్రైవ్ వరకు ఆమెది నత్తనడక. అంతవరకు ఆమె విసుక్కునే ఆ రద్దీయే ఈ బండికి మేత అయింది. నూరు కిలోమీటర్లకు 4.6 లీటర్లకు దిగింది. పాత కారు సంగతి? పెద్ద ప్రయాణాలలో 8.8 తాగేది, బడి ప్రయాణాలలో 11.5 తాగడం మొదలుపెట్టింది. ఈ మాట చెప్పగానే బావగారు, "ఒకదాన్ని బాగుచేసి రెండోదాన్ని చెడగొట్టావు, ఏమి లాభం?" అన్నారు.

వారి ప్రశ్న సహేతుకమైనదే. కాని లీటర్లలో చూడండి. మార్చుకోక ముందు వారానికి ఆక్వా 50 కిలోమీటర్లకు 3 లీటర్లు, పాత కారు 220 కిలోమీటర్లకు 19.4, మొత్తం 22.4. మార్చుకున్న తరువాత ఆక్వా 220 కిలోమీటర్లకు 10.1, పాత కారు 50 కిలోమీటర్లకు 5.8, మొత్తం 15.9. కొత్తగా ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా, తాళంచెవులు మార్చుకున్నందుకు వారానికి ఆరున్నర లీటర్లు మిగిలాయి. లీటరు మూడు డాలర్లనుకుంటే ఏడాదికి వెయ్యి డాలర్ల దరిదాపు.

లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అనే మన అలవాటు ఇటువంటి చోటనే మనలను పక్కదారి పట్టిస్తుంది. లీటరుకు 10 ఇచ్చే బండి బదులు 12.5 ఇచ్చేది కొంటే నూరు కిలోమీటర్లకు రెండు లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చేదాని బదులు 25 ఇచ్చేది కొంటే మిగిలేది ఒక్క లీటరే. పెరుగుదల రెండున్నర కంటె ఐదు గొప్పదిగా కనిపిస్తుంది, కాని మిగులు సగం! డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో 'సైన్స్' పత్రికలో ఈ భ్రమను గురించి రాశారు. న్యూజీలండ్‌లో నూరు కిలోమీటర్లకు లీటర్లని చెప్పే పద్ధతి మొదట నాకు కృతకంగా తోచింది. ఇప్పుడు అదే సరైన పద్ధతి అంటాను. రెండు కార్లున్న ఇంట్లో ఒకటి మార్చవలసి వస్తే, ఎక్కువ తాగుతూ ఎక్కువ దూరం తిరిగేదానిని ముందు మార్చాలి. మన వారిలో చాలామంది పెద్ద ఏడు సీట్ల బండిని అతిథుల కోసమని అట్టిపెట్టుకుని, చిన్నకారును అమ్మి హైబ్రిడ్ కొంటున్నారు. ఒకసారి కాగితం మీద గుణించి చూసుకోవలసిందిగా మనవి.

రహదారి ప్రయాణం సంగతి కూడా కొంత చెప్పాలి. సెలవులలో టౌరంగ వెళ్లాము. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 50లో ఉన్నదానికి 100లో నాలుగింతలు. వైకాటో ఎక్స్‌ప్రెస్‌వే మీద 110 అనుమతించిన చోట, నూరుతో పోలిస్తే ఇంకొక ఐదో వంతు ఎక్కువ. అక్కడ బ్రేకు వేసే పని లేదు, కాబట్టి తిరిగి రాబట్టుకోవడానికీ ఏమీ లేదు. సంకర వాహనం మామూలు పొదుపైన చిన్నకారుతో ఇంచుమించు సమానమైపోతుంది. కైమై కొండలు దిగేటప్పుడు మరొక పరిమితి కనబడింది. బ్యాటరీ చిన్నది, కిలోవాట్ గంట లోపే. కొండ సగం దిగేసరికే అది నిండిపోతుంది, ఆపైన వచ్చే శక్తిని పుచ్చుకోవడానికి చోటు లేదు. గేరు కర్ర దగ్గర ఉండే 'బి' స్థానంలో పెడితే బ్యాటరీ ఎక్కువ నిండుతుందని మిత్రులొకరు చెప్పారు. అది నిజం కాదు. ఇంజనును ఊరికే తిప్పి వేగాన్ని అణచడానికి, నిడుపాటి వాలులో బ్రేకులు కాలిపోకుండా కాపాడడానికి ఉద్దేశించినది అది. చదును నేల మీద దానితో పని లేదు.

తెర మీది అంకెను పూర్తిగా నమ్మవద్దు. మా బండి తెర వాస్తవం కంటె సుమారు ఐదు శాతం ఎక్కువ పొగుడుకుంటుంది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ప్రతిసారీ నిండుగా పోయించి, లీటర్లను దూరంతో భాగించడమే ప్రమాణం. ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పకూడదు. నాలుగైదు నింపుళ్లు కలిపి చూడాలి. మాకు వేసవిలో 4.3, శీతాకాలంలో 4.9 వచ్చింది. చక్రాలలో గాలి తగ్గినట్లు ఒకసారి ఈ లెక్కే ముందుగా చెప్పింది.

ప్లగ్గు పెట్టి చార్జి చేసుకునే హైబ్రిడ్ల సంగతి వేరు. వాటిని చార్జి చేయకుండా తిప్పితే ఫలితం ఇంకా విపరీతం. 2021లో ఐరోపాలో నమోదైన కార్ల కంప్యూటర్ల నుండి సేకరించిన వివరాలను బట్టి, అవి ప్రకటించినదానికి మూడున్నర రెట్లు కాలుష్యం వెలువరిస్తున్నాయని ఐరోపా కమిషన్ 2024లో ప్రకటించింది. పెట్రోలు కార్లలో ఆ తేడా 24 శాతం లోపే. ఇక్కడ 2024 ఏప్రిల్ 1 నుండి ప్లగ్గు హైబ్రిడ్లకు వెయ్యి కిలోమీటర్లకు 38 డాలర్ల రోడ్డు రుసుం కూడా మొదలైంది. మా ఆక్వా వంటి మామూలు హైబ్రిడ్లకు అది వర్తించలేదు. వాటి పన్ను పెట్రోలు ధరలోనే ఇమిడి ఉంది. కొనబోయేవారు ఈ భేదం అడిగి తెలుసుకోవాలి.

బావగారు ఇటీవల పదవీ విరమణ చేశారు. వచ్చిన సొమ్ముతో హైబ్రిడ్ కారు కొనాలని ఉంది. 2022లో మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ హైబ్రిడ్లు మన దేశంలో విడుదలైనప్పుడు ప్రకటించిన లీటరుకు 27.97 కిలోమీటర్లనే అంకె వారికి దశాంశాలతో సహా నోటికి వచ్చు. మొన్న ఫోనులో అడిగారు, "నిజంగా అంత ఇస్తుందటోయ్?" అని. మేలో బెజవాడ ఎండకు ఎయిర్ కండిషనరు ఎడతెగకుండా నడుస్తుందనీ, ఆ విద్యుత్తు కోసం బండి ఆగి ఉన్నా ఇంజను మేలుకుంటుందనీ చెప్పాను. బదులుగా నేనొక ప్రశ్న వేశాను, రోజూ ఎక్కడికి వెళతారని. కాసేపు ఆలోచించి, "పొద్దున గుడికి, అటునుంచి రైతుబజారుకు. నెలకొకసారి గుంటూరు" అన్నారు.

గుడి ఎంత దూరమని అడిగాను. కిలోమీటరున్నర అన్నారు.

పాత స్కూటరు ఉందా, అమ్మేశారా అని అడిగాను. ఉందన్నారు.